నాలుగు నిమ్మకాయల కరెంటు

2091 నాటికి ప్రయోగం చేయడమంటే తిరగలి విసరడంలాంటి పాతకాలపు పని అయిపోయింది. ఏ వస్తువును దేనితో కలిపితే ఏమవుతుందో ఫలితదర్శినిని అడిగితే చాలు. నూరేళ్లుగా విద్యార్థులు రాసిన లాబు రికార్డులన్నీ చదువుకున్న యంత్రం అది. దాన్ని కనిపెట్టిన కుముదినికి ఆ ఉదయం కాలు ఒకచోట నిలవడం లేదు. పదకొండింటికి అధికారులు ఇంటికి తెచ్చే కాగితం మీద ఆమె సంతకం పెడితే రాష్ట్రంలోని బడి లాబులన్నీ మూతపడి, దర్శిని వాటి స్థానంలోకి వస్తుంది. పదిహేనేళ్ల కష్టం మరి.

సరిగ్గా అప్పుడే ఆమెకు చిన్నప్పుడు సైన్సు చెప్పిన హైమావతి టీచరు దిగబడింది. సంతకానికి ముందు ఒక్క ప్రయోగం కళ్లతో చూడమని పట్టుబట్టి, వంటింటి గట్టు మీద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. ఒక్కోదానిలో జింకు పూసిన మేకు, రాగి తీగ ముక్క గుచ్చి, వరసగా కలిపి, చివర పాత టార్చిలైటు బల్బు తగిలించింది. వెలుగుతుందని దర్శిని ఢంకా బజాయించి చెప్పింది.

వెలగలేదు. కుముదిని తీగలు బిగించింది, నిమ్మకాయలు పిసికింది, బల్బు మార్చింది. పది దాటింది. ఎందుకలా చెప్పావని యంత్రాన్ని గద్దించింది.

"మూడు కోట్ల రికార్డుల్లో వెలిగిందండి. వెలగలేదని ఒక్కరూ రాయలేదు. పదో తరగతిలో మీరు రాసిందీ చూశాను. కింద టీచరుగారి సంతకం ఉంది."

హైమావతి తల దించుకుంది.

"నిమ్మకాయల కరెంటు ఆ బల్బుకు ఏనాడూ చాల్లేదమ్మా. మార్కులు పోతాయని మీరు రాసేవాళ్లు, ఇన్‌స్పెక్షన్ ఉందని నేను టిక్కు పెట్టేదాన్ని. ఆ పాపం కడుక్కుందామనే వచ్చాను."

ఒక్క బల్బు సంగతే ఇలా ఉంటే, దర్శిని కడుపులో ఇంకెన్ని అబద్ధాలున్నాయో అనుకుంది కుముదిని. బయట అధికారుల బండి ఆగింది. ఆమె గబగబా నిమ్మకాయలు చెత్తబుట్టలో పడేసింది.

"ఇవాళ్టి ఫలితం..." అని దర్శిని మొదలుపెట్టింది.

"వెలిగిందని రాయి," అంది కుముదిని, టీచరు వైపు చూడకుండా.

"మీరు చెప్పకముందే రాసి ఉంచానండి. సంతకం ఒక్కటే మిగిలింది."