ఏమీ అడగని ప్రార్థన

జడ్చర్ల నుంచి పిల్లవాడి తరఫువాళ్ళ వ్యాను నిశ్చితార్థానికి వచ్చి ఆగేసరికి తిరుమలగిరిలో ఇస్రాయేలు ఇంటి ముందు షామియానా వేసి ఉంది. దొడ్లో బగారన్నం గుండిగ అప్పుడే దింపారు. పాస్టరుగారు కుర్చీలో కూర్చుని బైబిలు తెరిచారు. ఇక పిల్లకు ప్రధానం చీర కట్టించి బయటికి తీసుకురావడమే తరువాయి. సరిగ్గా అప్పుడే, లోపలి గదిలో సువార్త తన తల్లి చేతిలోని కొత్త చీర అందుకుని, మడత కూడా విప్పకుండా మంచం మీద పెట్టేసింది!

"నాకీ పెండ్లి వద్దమ్మా..."

బిక్షమ్మ గది తలుపు దగ్గరికి వేసింది. "ఏందే గా మాట! వాకిట్ల మంది కూసున్నరు. పిలగాడు నచ్చకపోతే ముందుగాల చెప్పొద్దా?"

"పిలగాడు మంచోడే. మంచోడు కాబట్టే చెప్తున్న. అమ్మా, నేను మొగోనితోని సంసారం చెయ్యలేను. నా మనసు ఎన్నడూ మొగోళ్ళ దిక్కు పోలేదు. పోతే ఆడిపిల్లల దిక్కే పోయింది. పదో తరగతి సంది గిట్లనే ఉన్న. మారుత, మారుత అనుకుంటనే ఇన్నేండ్లు గడిపిన... మారలే. నా అబద్ధంతోని ఆ పిలగాని బతుకు ఎందుకు ఆగం చెయ్యాలె?"

బిక్షమ్మకు ఆ మాటలు ఒక్కసారిగా అర్థం కాలేదు. అర్థమైన మరుక్షణం కూతురి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. తల్లీకూతుళ్ళిద్దరూ అలాగే నిలబడి ఏడ్చారు... చప్పుడు బయటికి రాకుండా, ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని!

పంచాయతీ సమితి ఆఫీసులో అటెండరైన ఇస్రాయేలు ఊరి చర్చిలో సంఘపెద్ద. తండ్రి బక్కయ్య కూలి చేసి పెంచిన కొడుకు. నెలజీతం తెచ్చుకున్నాడు, పిల్లను టీచరు చదువు చదివించాడు, సంఘంలో నలుగురూ లేచి నిలబడి దండం పెట్టే పెద్దరికం సంపాదించుకున్నాడు. ఆ మనిషి ఆ రోజు వాకిట్లోకి వచ్చి, రెండు చేతులూ జోడించి, "పిల్లకు పాణం బాగలేదు, మమ్ముల మన్నించుండ్రి" అన్నాడు. వండిన అన్నం పెట్టి మరీ వాళ్ళను సాగనంపాడు. ఆ తరువాత కూతురితో మాట్లాడడం మానేశాడు.

అసలు సంగతి బిక్షమ్మ నోటివెంట విన్నాక అతను కోప్పడలేదు, చెయ్యి ఎత్తలేదు. భయపడ్డాడు! పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. పాస్టరుగారూ చెడ్డమనిషి కాదు. ఆయనకు తెలిసిన మందు ఒక్కటే. ఉపవాస ప్రార్థనలు మొదలయ్యాయి. సువార్త తలకు నూనె రాసి, చేతులుంచి, గట్టిగా ప్రార్థించారు. ఎవరో బలవంతంగా కూర్చోబెట్టారని కాదు... సువార్తే ముందు మోకరించేది. అందరికన్నా ఎక్కువగా ఏడ్చింది ఆమే. 'ప్రభువా, నన్ను మార్చు. అందరి లెక్క చెయ్యి. మా అమ్మ కండ్లల్ల నీళ్ళు ఆపు...' అన్నం మానేసింది, నిద్ర మానేసింది, మనిషి పుల్లలా అయిపోయింది. మార్పు మాత్రం రాలేదు. దేవుడు తన ముఖం తిప్పేసుకున్నాడనే అనుకుంది పాపం!

ఒక ఆదివారం ప్రభువు బల్ల, సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. సంఘపెద్దలు రొట్టె పళ్ళేలు పట్టుకుని వరసల మధ్య నడుస్తున్నారు. ఆడవాళ్ళ వైపు ఇస్రాయేలే వచ్చాడు. బిక్షమ్మ ముందు పళ్ళెం వంచాడు, ఆమె ఒక ముక్క తీసుకుంది. పక్కనున్న సువార్త చెయ్యి చాచింది. ఆ చేతిని చూసి కూడా చూడనట్టు, తండ్రి పళ్ళేన్ని ఆమె తల మీదుగా అవతలి మనిషికి అందించాడు!

సువార్త చాచిన చేతిని మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది. చివరి పాట అయ్యేదాకా కూర్చుంది. తల్లి ముఖంలోకి చూడాలన్నా ధైర్యం చాలలేదు. మర్నాడు సంచీలో నాలుగు చీరలు సర్దుకుని, "పానగల్లు అత్త కాడికి పోతున్న" అని చెప్పి బస్సెక్కింది. ఎవరూ ఆపలేదు.

బాలనర్సమ్మ ఇస్రాయేలుకు సొంత అక్క. ఇంట్లోవాళ్ళు బాప్తిస్మం తీసుకునే నాటికే ఆమె పెండ్లయి పానగల్లు వెళ్ళిపోయింది కాబట్టి పాత దేవుళ్ళతోనే ఉండిపోయింది. భర్త పోయాక, ఉన్న కాస్త చెలకలో కూరగాయలు పండించి నల్లగొండ మార్కెట్లో అమ్ముకుంటోంది. గుమ్మంలో నిలబడ్డ మేనకోడలిని కిందికీ పైకీ చూసి, "ముందుగాల తిను. ముచ్చట తర్వాత" అంది. ఆ ముచ్చట ఎన్నడూ అడగలేదు. అడగకపోయినా సువార్తే ఒకనాడు అంతా చెప్పుకుని తేలికపడింది. విని, "గంతేనా? ఇంకేందో అనుకున్న" అని బీరకాయలు కొయ్యడంలో పడిపోయిందా మనిషి!

సువార్తకు నల్లగొండలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఉద్యోగం దొరికింది. పొద్దున్నే బడికి పోకముందు గది మూలన మోకరించి కన్నీళ్ళతో ప్రార్థించడం మాత్రం మానలేదు. వాకిట్లో పూదీనా కట్టలు కడుతూ రోజూ చూసే బాలనర్సమ్మ ఒకనాడు ఉండబట్టలేక అడిగింది.

"రోజు గంత ఏడ్సుకుంట ఏం మొక్కుతవే బిడ్డా?"

"నన్ను మార్చమని, అత్తా."

"ఎన్నేండ్ల సంది?"

"పదో తరగతి సంది..."

"మరి మీ దేవునికి చెవుడా?"

"అయ్యో, గదేం మాట అత్తా!"

"కాదు గదా? అయితే ఇన్నడు. ఇన్నేండ్ల సంది ఇని గూడ ఊకున్నడంటే, ఆయినకు నీతోని ఏం పంచాయితీ లేనట్టు. మార్చాలె అని నువ్వంటున్నవ్, మీ నాయిన అంటున్నడు. ఆయిన అన్నడా?"

ఆ మాట అనేసి గంప నెత్తిన పెట్టుకుని బాలనర్సమ్మ మార్కెట్టుకు వెళ్ళిపోయింది. సువార్త మాత్రం ఆ రోజు బడికి ఆలస్యంగా వెళ్ళింది.

మరునాడు మోకరించినప్పుడు నన్ను మార్చు అన్న మాట పెదవుల దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపేసింది. ఆపేశాక చెప్పడానికి ఆమె దగ్గర ఇంకో మాటే లేదు! ఇన్నేళ్ళ ప్రార్థనంతా ఆ ఒక్క మాటేనని అప్పుడు తెలిసింది. భయమేసింది. అయినా లేవలేదు. కళ్ళు మూసుకుని ఊరికే కూర్చుంది... బయట బోరింగు చప్పుడు, ఎవరో గొర్రెలను అదిలించడం, అత్త దగ్గు. అన్నీ వినిపించాయి. తను ఒంటరిగా లేనట్టు అనిపించింది. ఎవరో తనకు తీర్పు చెప్పడానికి కాక, కలిసి కూర్చోవడానికి వచ్చినట్టు! కళ్ళు తెరిచి చూసుకుంటే బుగ్గలు పొడిగా ఉన్నాయి. ఏడవకుండా ప్రార్థన ముగించడం ఆమెకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

అట్లా రోజులు గడిచాయి. కొన్ని రోజులు మళ్ళీ పాత దుఃఖం తన్నుకొచ్చేది. అప్పుడు కూడా ఊరికే కూర్చునేది. సెలవు రోజున ఊరవతలి పాత రాతిగుడి దాకా నడిచి, చల్లటి అరుగు మీద కూర్చుని మెల్లగా కీర్తనలు పాడుకునేది. గుడిలో క్రైస్తవ పాటలేమిటని అడిగినవారు లేరు. ఎప్పుడో ఒక పశువుల కాపరి మాత్రం, "ఇంకోటి పాడరాదమ్మా" అన్నాడు.

అదే బడిలో లెక్కల టీచరు తాహేరా. భర్త తలాక్ ఇచ్చి పంపేస్తే, పుట్టింట్లో వదినె సూటిపోటి మాటల మధ్య బతుకుతోంది. బాలనర్సమ్మ ఇంట్లో ముందుగది ఖాళీగా ఉందని తెలిసి కిరాయికి వచ్చింది. మొదట్లో ఇద్దరూ కలిసి నడిచి బడికి పోవడం, తరువాత కలిసి వండుకోవడం... ఒకరు ఆలస్యమైతే ఇంకొకరు గుమ్మంలో నిలబడడం. ఇద్దరి మధ్యా ఉన్నదేమిటో ముందు తెలిసింది సువార్తకు. తెలిసి, ఇల్లు విడిచి వేరే గదికి పోతానని సామాను సర్దుకోబోయింది!

తాహేరా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "యాడికి పోతవ్? నీకొక్కదానికే తెలుసనుకుంటున్నవా? నేను గూడ అల్లాను అడిగిన. వద్దు అని నా దిల్‌లకు రాలే. నీకొచ్చిందా?"

సువార్త తల అడ్డంగా ఊపింది. సామాను మళ్ళీ గూట్లోకి చేరింది.

అప్పటినుంచి తెల్లవారుతూనే ముందుగదిలో ఒక మూల తాహేరా నమాజు చాప పరిచేది, ఇంకో మూల సువార్త మోకరించేది. వాకిట్లో బాలనర్సమ్మ ఎల్లమ్మను తలచుకుని నీళ్ళు చల్లేది. ముగ్గురూ ముగించుకున్నాక ఒకే పొయ్యి మీద చాయ్ పెట్టుకునేవారు.

కొన్నేళ్ళకు, తొంభై మూడులో కాబోలు, ఎండలు ముదరకముందు బిక్షమ్మ పానగల్లు వచ్చింది. వచ్చిన దగ్గరినుంచి కూతురి ముఖాన్నే చూస్తోంది. అన్నం తింటూ చూసింది, తాహేరాతో కలిసి నవ్వుతుంటే చూసింది, పొద్దున్నే ఇద్దరూ చెరో మూలన కూర్చున్నప్పుడు గుమ్మం పక్కన నిలబడి చూసింది. చివరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బావురుమంది!

"ఎందుకమ్మా... ఏమైంది?"

"ఏం కాలే బిడ్డా. నీ మొకంల గీ నిమ్మళం నేను ఎన్నడు చూడలే. నిన్ను కన్నదాన్ని, నేనెందుకు ఇయ్యలేకపోతినే..." అని, కాసేపటికి కళ్ళు తుడుచుకుంది. "నీకొకటి చెప్పాలె. ఆనాడు చర్చిల మీ నాయిన రొట్టె నీకియ్యకుండ పోయిండు చూడు... నేను గూడ తినలే. చేతిలనే పట్టుకుని ఇంటికి తెచ్చిన. గప్పటి సంది ఇయ్యాల్టి దాక బల్ల ముట్టలే. నెలనెల మీ నాయిన పళ్ళెం పట్టుకుని నా ముందట నిలవడుతడు. నేను తల వంచుకుంట. ఆయిన పోతడు. గా సంగతి ఇంట్ల ఇద్దరం ఎన్నడు మాట్లాడుకోలే."

సువార్త నిర్ఘాంతపోయింది! అందరూ తనను వదిలేశారనుకున్న రోజుల్లో, ఎదురుచెప్పడమే ఎరగని ఈ తల్లి, సంఘమంతా చూస్తుండగా తనకోసం ఆకలితో కూర్చుందా! తల్లి పాదాల దగ్గర కూలబడి, "అమ్మా... అమ్మా..." అనడం తప్ప ఆమెకింకేమీ చేతకాలేదు.

"మీ నాయిన నిన్ను జూడాలె అంటున్నడు. నోటితోని అనలే. బస్సు చార్జీలు చేతిల పెట్టిండు. ఇద్దరికి సరిపడ."

తల్లి వెంట సువార్త తిరుమలగిరి వెళ్ళింది. ఇస్రాయేలు వాకిట్లోనే మంచం మీద కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. "వచ్చినవా" అన్నాడు. మధ్యాహ్నం ముగ్గురూ కలిసి తిన్నారు. నువ్వు మారినవా అని అతను అడుగుతాడేమోనని బిక్షమ్మ అతని కంచం వైపే చూస్తూ కూర్చుంది. అడగలేదు. సువార్తే చెప్పింది.

"నేను ప్రార్థన మానలే నాయినా. నన్ను మార్చుమనుడు మానిన. నేను ఒక్కదాన్ని లేను, తాహేరా అని ఒకామె ఉన్నది. దాచిపెట్టి నీ ఇంట్ల అన్నం తినబుద్ధి కాలే."

ఇస్రాయేలు కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. కానీ లేచి వెళ్ళిపోనూ లేదు.

సాయంత్రం బస్టాండు దాకా అతనే సంచీ మోసుకొచ్చాడు. ఎండ తగ్గింది. సిమెంటు బల్ల మీద తండ్రీకూతుళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. అతను రోడ్డు వైపు చూస్తూనే నోరు విప్పాడు.

"నీకు భయం కాదా బిడ్డా? దేవుడు ఏమంటడో అని?"

"ముందుగాల అయ్యేది. ఇప్పుడైతలేదు నాయినా."

"నాకైతది." సంచీని కాళ్ళ దగ్గరికి జరుపుకున్నాడు. "ఎన్నేండ్లాయె పెద్దరికం చేయవట్టి... మోకాళ్ళ మీద కూసున్నప్పుడల్ల నాకు భయమే. ఆయినేమంటడో, మంది ఏమంటరో. మీ అమ్మ తల వంచుకున్నప్పుడల్ల ఇంకింత భయం. నువ్వెట్ల చేస్తవే ప్రార్థన? మీ అమ్మ చెప్పవట్టింది, ఊకె కూసుంటదట, ఏం అడగదట అని. జర నాకు గూడ చెప్పు."

సంఘానికంతటికీ ప్రార్థనలు నేర్పిన తండ్రి! సువార్త అతని వైపు తిరిగి అంది.

"చెప్పేటందుకు ఏం లేదు నాయినా. కండ్లు మూసుకో. ఏం అడగకు. ఆయిన గూడ మన పక్కకే కూసున్నడనుకో."

ఇస్రాయేలు నెత్తి మీది తువాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. సూర్యాపేట బస్సు వచ్చింది. కండక్టరు రెండుసార్లు కేకేశాడు, ఈల వేశాడు. దుమ్ము లేపుకుంటూ బస్సు వెళ్ళిపోయింది. బల్ల మీద కూర్చున్న ఇద్దరిలో ఎవరూ లేవలేదు.