పసుపు గీత మీద జానయ్య

ఇబ్రహీంపట్నం దాటగానే సాగర్ రోడ్డు మీద ఒక క్యాన్సర్ సెంటర్ ఉంది. అందులో సంతోషి టెక్నీషియన్. థైరాయిడ్ క్యాన్సర్ వాళ్లకు రేడియేషన్ ఉండే అయోడిన్ మందు ఇస్తారు. మందు తాగినవాళ్లను పసుపు గీత మీద నిలబెట్టి, ఒంట్లోంచి ఎంత రేడియేషన్ వస్తోందో మీటరుతో కొలిచాకే ఇంటికి పంపాలి. ఆ కొలిచే పని ఆమెది.

ఎండాకాలంలో భుజాన గొంగడితో వచ్చిన జానయ్య అనే ముసలాయనను మాత్రం కొలవలేదు. బయట జనం ఎక్కువున్నారని మేనేజర్ దివాకర్ తొందరపెట్టాడు, ఏదో ఒక అంకె వేసెయ్యమన్నాడు. ఆమె వేసేసింది. పసిపిల్లలకు దూరంగా ఉండాలని చెప్పే కాగితం ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పినవాళ్లు లేరు. ఆ రాత్రి జానయ్య ఏడాది నిండని మనవరాలిని గుండెల మీదే పడుకోబెట్టుకున్నాడు.

సంగతి తెలిసి జానయ్య నిలదీయడానికొస్తే దివాకర్ మెడబట్టి గెంటించాడు. ఆ తర్వాత జానయ్య పాపను మళ్లీ ముట్టుకోలేదట. రోగం ముదిరి వానాకాలంలో పోయాడు. పాపకేమవుతుందో ఎవరూ చెప్పకుండానే పోయాడు. తలుచుకుంటే సంతోషికి కడుపు మండేది. దివాకర్ మీద ఎంతో, తన మీద అంతకు రెండింతలు.

మొన్న సాయంత్రం ముసురు పట్టింది. పేషెంట్లు వెళ్లిపోయారు. గదిలో ఫినాయిల్ వాసన, కిటికీ మీద చినుకుల చప్పుడు. బల్ల మీద మీటరు టిక్కుమంది.

ఆగింది. మళ్లీ టిక్... టిక్...

గదిలో మందు లేదు. మనిషి లేడు. ఆమె మీటరు ఎత్తి గోడ వైపు తిప్పింది. చప్పుడు లేదు. పసుపు గీత వైపు తిప్పింది...

గింజలు వేగినట్టు చిటపటలాడింది. తడిసిన గొంగడి వాసన. బీడీ వాసన.

"కొలువు బిడ్డా... ఇప్పుడన్న సక్కగ కొలువు."

మీటరు అక్కడే పట్టి కొలిచింది. అంత అంకె ఏ మందుకూ రాదు.

"తప్పు నాదే, బాపు. నేనే రాసిన."

"రాయమన్నోడేడి?"

తెలియదనొచ్చు. అనలేదు. భయం కన్నా ముందు కోపం లేచింది. వేలెత్తి వరండా చివరి గదిని చూపించింది.

మీటరు చప్పుడు ఆగింది. వాసన ఆమెను దాటుకుని పోయింది...

కాసేపటికి వెనకే వెళ్లింది. దివాకర్ గదికి లోపల గడియ. అరుపు లేదు. తలుపుకు చెవి ఆనించింది. అతని గొంతే... గుసగుసగా, బతిమాలుతూ.

"దూరం... జర దూరం నిలబడున్రి... నువ్వు, నీ సంకల పాప... ఇద్దరు గూడ..."