గుమ్మం మీది పక్షి

మఠం చర్చి ద్వారం బయటి నుదుట పక్షి లేదు. ఎనిమిది వందల ఏళ్లుగా ద్రాక్షతీగల చెక్కడం మధ్య కూర్చున్న రాతిపక్షి. ఇప్పుడక్కడ ఉలిగాట్లు, ఒక గుంత.

ఇన్‌స్పెక్టర్ జావెన్‌కి ఒళ్లు మండిపోతోంది. మూడు రోజులుగా మఠం మెట్లు ఎక్కి దిగడమే సరిపోయింది. యెరెవాన్ నుంచి పైఅధికారుల ఫోన్ మీద ఫోన్. మధ్యాహ్నంలోగా కాపలాదారు ఓనిక్‌ని అరెస్ట్ చేయాలట.

ఓనిక్ గదిలో ఉలి దొరికింది. ముసలాయనకు ఆ గది తప్ప వేరే గూడు లేదు. అడిగినప్పుడల్లా తాను తీయలేదంటాడు, అంతే.

పైగా సాక్షి ఉన్నాడు. వ్రేజ్, గోడల మరమ్మతుకు వచ్చిన శిల్పి.

“మళ్లీ చెప్పండి.”

“ఎన్నిసార్లు సార్? సాయంత్రం ప్రార్థన చేసుకుని గుమ్మం దాటుతున్నా. ఎదురుగా ముంగిట్లో ఓనిక్. గోనెసంచిలో ఏదో చుట్టుకుని పోతున్నాడు.”

“అప్పటికి పక్షి ఉందా?”

“వీపు వెనక ఉన్నదాన్ని ఎలా చూస్తాను?”

మాట అతికినట్టే ఉంది. అదే జావెన్‌కి చిరాకు.

గుమ్మం బయట కొవ్వొత్తులమ్మే సాతిక్ అవ్వను అడిగాడు. వ్రేజ్ భక్తిపరుడేనంది. ఆ సాయంత్రం శిలువ గుర్తు వేసుకుంటూ బయటికి వచ్చి తన కాలు తొక్కాడట, క్షమించమన్నాడట.

విసుగ్గా ఒక కొవ్వొత్తి కొని జావెన్ లోపలికెళ్లి వెలిగించాడు. అలవాటుగా బలిపీఠం వైపే ముఖం పెట్టి, వెనక్కి అడుగులేస్తూ గుమ్మం దాటాడు. తలెత్తాడు. ఎదురుగా గుంత.

తనను తానే తిట్టుకున్నాడు. అందరినీ ముంగిట్లోకి పిలిపించాడు.

“వ్రేజ్, మనలో ఎవరూ బలిపీఠానికి వీపు చూపించి బయటికి రారు. మీరూ రాలేదు. వెనక్కి నడిచే కదా అవ్వ కాలు తొక్కారు? అప్పుడు మీ కళ్లెదుట ఉన్నది ద్వారం. ముంగిలి మీ వీపు వెనక. కనబడే పక్షిని చూడలేదన్నారు, కనబడని ఓనిక్‌ని చూశానన్నారు.”

వ్రేజ్ చూపు తన వ్యాన్ వైపు మళ్లింది.

అతని వ్యాన్‌లో సున్నం బస్తాల కింద పక్షి దొరికింది. రెండు ముక్కలుగా. ఓనిక్ గదిలో దొరికిన ఉలి కూడా అతని పనిముట్ల పెట్టెలోదే.

“మీ మీద కేసు లేదు పెద్దాయనా, వెళ్లండి,” అన్నాడు జావెన్.

ఓనిక్ కదల్లేదు. ముక్కలు రెండూ కలిపి గుండెకు హత్తుకున్నాడు.

“దీన్ని అతికేదెవరు బాబూ?”

జావెన్ జీపు వైపు చూశాడు. అతుకు కనబడకుండా రాయిని కలపగలిగినవాడు ఆ లోయ మొత్తానికి ఒక్కడే. అతన్ని కానిస్టేబుళ్లు జీపెక్కిస్తున్నారు.