తొమ్మిదో నంబరు తలుపు

ఆ తలుపుల మ్యూజియం పక్కన ఉన్న దుకాణాలవాళ్ళు చీకటి పడకముందే షట్టర్లు దించేస్తారు. ఊరికే కాదు.

అక్కడ చూడ్డానికేముందంటారా? తలుపులు. కూలగొట్టిన ఇళ్ళ తలుపులు తెచ్చి గోడకి బిగించి, ముందు తాడు కట్టి, నంబర్లు అంటించారు. తీస్తే వెనక గోడే. ఇది కళట! ఎక్కడెక్కడి మేధావులో వచ్చి, గడ్డం నిమురుకుంటూ "అబ్బ, ఎంత లోతుందో" అంటారు. గోడకి లోతేమిటి, నా మొహం!

అయితే... రాత్రిళ్ళు ఆ తలుపుల్ని ఎవరో లోపలినుంచి తడతారని చెప్పుకునేవారు. ఇద్దరు వాచ్‌మన్లు చెప్పాపెట్టకుండా పారిపోయారు.

మూడోవాడు మా బావ. అక్క మొగుడు. కబుర్లకేం తక్కువ లేదు గానీ, బొద్దింక కనబడితే మంచమెక్కే రకం. అప్పటికే రెండు ఉద్యోగాలు మధ్యలో వదిలేశాడు. అందుకే అక్క ముందే చెప్పేసింది: "ఇదీ వదిలేసి వచ్చారంటే గడప తొక్కనివ్వను."

మొదటి రాత్రి. హాల్లో ఒక్క దీపం. బావకి కళ్ళు మూతలు పడుతున్నాయి...

టక్.

లేచాడు.

టక్... టక్.

తొమ్మిదో నంబరు తలుపు! పిల్లిలా నడిచివెళ్ళి చెవి ఆనించాడు. లోపల — ఊపిరి. గోడ ఊపిరి పీలుస్తుందా ఎక్కడైనా?

"ఎ... ఎవరూ?" అన్నాడు.

ఊపిరి ఆగిపోయింది.

పారిపోదామంటే అక్క. ఉందామంటే ఇది. చివరికి బల్ల కిందకి దూరి, తెల్లారేదాకా వణుకుతూ కూర్చున్నాడు మా వీరుడు. ఆ టక్ టక్ మాత్రం చాలాసేపు ఆగలేదు.

పొద్దున్నే డైరెక్టర్ గారి భార్య వచ్చింది. "ఆయన రాత్రి ఇంటికి రాలేదు. ఫోను చేస్తే ఇక్కడే ఆయన గదిలో బల్ల మీద మోగుతోంది" అంటూ హాల్లో అడుగుపెట్టి ఆగిపోయింది. తొమ్మిదో తలుపు వెనకనుంచి గురక.

"ఈ గురక మా ఆయనదే!"

"ముట్టుకోకూడదండీ!" అని బావ అరుస్తుండగానే ఆవిడ తాడు దాటి పిడి తిప్పింది.

వెనక గోడ లేదు. స్టోర్‌రూం ఉంది.

జరిగిందేమిటంటే, అసలు తొమ్మిదో తలుపుని ప్రారంభోత్సవానికి ముందురోజే చెదలు తినేశాయి. దాని గొప్పతనమంతా కరపత్రాల్లో అచ్చయిపోయింది మరి. పరువు పోతుందని డైరెక్టర్ గారు గుట్టుచప్పుడు కాకుండా స్టోర్‌రూం తలుపుకే నంబరు అంటించాడు. మేధావులు గడ్డాలు నిమిరింది దాని ముందే! ఎవరూ రారు కదా అని ఆయన అందులోనే కునుకు తీసేవాడు. నిన్న సాయంత్రం ఆ తలుపు దానంతటదే మూసుకుపోయింది. లోపలినుంచి తెరుచుకోదు.

మహానుభావుడు కళ్ళు నులుముకుంటూ లేచి, బావ మీద విరుచుకుపడ్డాడు. "రాత్రంతా నేను లోపలుంటే ఏం కాపలా కాశావయ్యా? నీ ఉద్యోగం పీకేస్తా!"

బావకి ఎక్కడలేని రోషం వచ్చింది. "ముట్టుకోవద్దని బోర్డు పెట్టింది తమరేగా! అయినా ఊరికే తలుపు కొట్టే బదులు, నోరు తెరిచి పిలవచ్చుగా?"

డైరెక్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేను కొట్టడమేమిటయ్యా..." గొంతు బాగా తగ్గిపోయింది. "కొట్టింది బయటనుంచి కదా... తర్వాత 'ఎవరూ' అని కూడా అడిగింది. అందుకే... ఊపిరి బిగబట్టి కూర్చున్నాను."

బావ టోపీ అక్కడే పడేసి ఇంటికొచ్చేశాడు. గడప తొక్కనివ్వనన్న అక్క, సంగతి వినగానే ఆయన్ని లోపలికి లాగి, తనే గడియ పెట్టింది.