వంతెన మీది ముగ్గురు

ఇంగ్లండులో పింగాణీ పనికి పేరున్న బర్స్‌లెమ్‌లో ఆ ఉదయం ఓట్‌కేకు అట్లు వేడిచేద్దామని వంటింట్లోకి వచ్చిన బెరిల్ గుమ్మంలోనే ఆగిపోయింది. అల్మరాలో నిలబెట్టిన నీలి పళ్లాలన్నీ గోడవైపు తిరిగి ఉన్నాయి. వాటి ముందు కుర్చీ వేసుకుని తల్లి హెట్టీ కాపలా కూర్చుంది.

అవి అమ్మమ్మ నాటి పళ్లాలు. వాటి మీద నీలిరంగులో చీనా తోట, ఏరు, వంతెన బొమ్మ. హెట్టీ కూడా వయసులో ఉండగా పింగాణీ కార్ఖానాలో అదే బొమ్మను సన్నటి కాగితం మీంచి మట్టి పళ్లాల మీదికి దించిన మనిషే.

"ఎందుకమ్మా అలా తిప్పేశావ్?"

"వాళ్లు నన్నే చూస్తున్నారే," అంది హెట్టీ గొంతు తగ్గించి.

బెరిల్ చూపు పొయ్యి మీదికి పోయింది. మొన్న అమ్మ గ్యాస్ తిప్పి, వెలిగించడం మరిచిపోయింది. ఇప్పుడిది.

పనికి వెళుతూ తొంగిచూసిన తమ్ముడు క్లిఫర్డ్‌కి విషయం అర్థమైంది. "వృద్ధాశ్రమంలో చేర్పిద్దామంటే వినవు కదక్కా. ఇల్లు తగలబడాలా?" అంటూ పెద్ద పళ్లాన్ని ఇటు తిప్పబోయాడు.

హెట్టీ అతని చెయ్యి పట్టుకుంది. "వద్దురా నాయనా."

"ఉత్త బొమ్మలమ్మా. ఎవరున్నారని భయం?"

"అదే తెలియట్లేదురా. వంతెన మీద ముగ్గురు. ఎవరో, ఎక్కడికి పోతున్నారో, ఎంత గింజుకున్నా గుర్తు రావట్లేదు. నా చేత్తో అంటించిన మనుషులు. ఇవాళ వాళ్లు నా గుర్తులోంచి పోయారు. రేపు నువ్వొస్తే, ఎవరు బాబూ అంటానేమో."

అమ్మను చూసి తామే భయపడుతున్నామనుకుంది బెరిల్ ఇన్నాళ్లూ. అంతకంటే పెద్ద భయాన్ని అమ్మ ఒంటరిగా మోస్తోంది.

క్లిఫర్డ్ పళ్లెం తీసి, తల్లి కాళ్ల దగ్గర కూలబడి వంతెన చూపించాడు. "ముందు పోతున్నది పెద్దింటి పిల్ల. నచ్చినవాడితో పారిపోతోంది. వెనకాల కొరడా పట్టుకుని వాళ్ల నాన్న. చిన్నప్పుడు, కూరంతా తింటేనే పళ్లెంలో వంతెన కనబడుతుందనేదానివి. ఈ కథ కోసం క్యాబేజీ కూడా మింగేవాణ్ణి."

"దొరికిపోతారా?" అంది హెట్టీ, నిజంగానే బెదురుతూ.

"లేదమ్మా. తప్పించుకుంటారు."

"రేపు మళ్లీ మరిచిపోతేనో?"

"మళ్లీ చెబుతా. రోజూ పనికెళ్లే ముందు వస్తా."

ఆశ్రమం మాట అతను మళ్లీ ఎత్తలేదు. బెరిల్‌కి భయం పోలేదు. అయినా కళ్లు తుడుచుకుని, కుర్చీ లాక్కుని, అమ్మ చెయ్యి తన ఒడిలో పెట్టుకుంది.