ఫ్యూజు జేబులోనే ఉంది

మూడో అంతస్తు మూల వాటా పేరెత్తితే ఆ మెట్లెక్కేవాళ్ళకి ఒళ్ళు జలదరించేది. అక్కడ మంటల్లో ఒక ముసలావిడ పోయింది. అప్పట్నుంచి చీకటి పడితే చాలు, లోపల్నించి టక్... వెంటనే ఒక మూలుగు.

“ముసలావిడేనండీ! కోడలు ఇస్త్రీపెట్టె ఆపకుండా బయటికెళ్ళింది కదా...” అనేవాళ్ళు. ఆపానని, ప్లగ్గు కూడా పీకానని కోడలు నెత్తీ నోరూ కొట్టుకున్నా వినే నాథుడు లేడు. ఎనిమిదేళ్ళ కన్నకూతురే తల్లితో మాట్లాడ్డం మానేసింది.

కాలిన ఇళ్ళలో మంట ఎక్కడ పుట్టిందో తేల్చడం మా బాబాయి ఉద్యోగం. ఆయన చెప్పిందే చెప్తున్నా, ఒక్క ముక్క కలపలేదు.

దెయ్యాలంటే ఆయనకి నవ్వు. ఏ ఇంటికెళ్ళినా ముందు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుంటాడు. ఆ సాయంత్రమూ అంతే. టార్చి వెలుగులో హాల్లో మసి గీకుతున్నాడు. ఇస్త్రీపెట్టె దొరికింది. ప్లగ్గు పీకే ఉంది...

అప్పుడు — టక్.

వంటగదిలో మూలుగు. గుర్ర్ర్...

జేబు తడుముకున్నాడు. ఫ్యూజు అక్కడే ఉంది! “కాళ్ళూ చేతులూ ఆడలేదురా, మీ పిన్నికి మాత్రం చెప్పకు” అన్నాడు నాతో.

గోడ పట్టుకుని వెళ్ళి చూస్తే — ఫ్రిజ్! సగం మాడిపోయి కూడా నడుస్తోంది. వెనక నుంచి సన్నటి వైరొకటి హాల్లోకి వచ్చి, ఇస్త్రీ బల్ల కిందుగా పక్కవాటా కిటికీలోకి పోయింది. బల్ల కింద ఆ వైరుకి మెలిపెట్టిన అతుకుంది. బల్ల ఆ అతుకు దగ్గరే బొగ్గయిపోయింది. అతుకు వేడెక్కి మంట పుట్టింది అక్కడే.

వెళ్ళి తలుపు తడితే పక్కింటావిడ తీసింది. వైరు సంగతి ఎత్తగానే ఆయన్ని లోపలికి రమ్మని తలుపు వేసేసింది.

“ఆ పెద్దావిడే అడిగారండీ... కరెంటు పోతే ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పాడవుతుందని. మాకు ఇన్వర్టరుంది కదా... బల్బు వైరు ముక్కలుంటే అతికించి ఇచ్చాను. కోడలు కోప్పడుతుంది, చెప్పొద్దన్నారు...” గుసగుసలాడింది. “ఆ రోజు నుంచి ఆపుదామన్నా ఆ వైరు స్విచ్ మీద చెయ్యి వెయ్యాలంటేనే భయం...”

“ఆ అమ్మాయిని అందరూ అన్నన్ని మాటలంటుంటే ఎలా ఊరుకున్నావమ్మా?”



బాబాయి ముందు ఆ స్విచ్ ఆపేశాడు. మెట్ల మీద నించే కోడలికి ఫోన్ చేశాడు.

“అమ్మా... నువ్వు ఆపావు.”



“అది నాకు తెలుసు సార్... ఫోన్ పాపకిస్తున్నా. దానికి చెప్పండి.”