ఐదో అడ్డపలక

"మాస్టారూ, ఐదో అడ్డపలక మళ్లీ తప్పింది. గాడి రెండు మిల్లీమీటర్లు ఇరుకు. బద్ద దూరడం లేదు."

కళ్లద్దాల మీది రంపపు పొట్టు ఊదుకుంటూ అంది ఆమె. కంప్యూటర్‌లో గీసిన గీతను చెక్క మీద కోసే మెషీన్‌ను ఆ వర్క్‌షాప్‌లో నడిపేది ఆమే.

"అయ్యో, అలాగా?" అన్నాడు లెక్కల మాస్టారు. నటించడం అతనికి చేతకాదు.

వాళ్లు చేస్తున్నది ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకునే కయాక్ పడవ. పదకొండు అడ్డపలకలు, వాటి గాడుల్లో దూరే పొడవాటి బద్దలు, పైన గుడ్డ. డిజైనంతా అతనిదే. పది పలకలు ఎప్పుడో కుదిరాయి. ఐదోది మాత్రం మూడు శనివారాలుగా మొండికేస్తోంది.

"పిల్లలకు లెక్కలు చెప్పేది మీరేనా?"

"ఒక్కోసారి పొరపాటు..."

"ఒక్కోసారా? మూడుసార్లు!"

మూలన చెక్కకు ఇసుక కాగితం రుద్దుతున్న ఆమె బాబాయి తలెత్తలేదు. వర్క్‌షాప్ ఆయనదే. "ఎందుకే పాపం, ఆయన్నలా దులిపేస్తావ్?" అన్నాడు.

ఆమె స్క్రీన్ ఇటు తిప్పింది. "చూడండి. మీరు మొదట మెయిల్ చేసిన ఫైల్‌లో కొలత సరిగ్గానే ఉంది. ప్రతి శుక్రవారం మీరే తగ్గించి, పెన్‌డ్రైవ్‌లో వేసి తెస్తున్నారు. తేదీలతో సహా ఉంది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. అమ్మ పోయి ఏడు నెలలు. సెలవు రోజున ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప మరొకటి వినబడదు. ఈ పలక కుదిరితే కయాక్ పూర్తవుతుంది. ఇక్కడికి రావడానికి మరో పని ఉండదు.

ఏదో సాకు చెప్పబోయి ఆగాడు.

"పని అయిపోతే మిమ్మల్ని చూడడం కుదరదు. అందుకే తగ్గించాను. ప్లైవుడ్ పాడుచేశాను, క్షమించండి."

ఇసుక కాగితం చప్పుడు ఆగింది.

ఆమె వెళ్లి, అలమర కింది అరలోంచి ఒక పలక తెచ్చింది. కయాక్ మధ్యలో నిలబెట్టింది. బద్ద గాడిలోకి మెత్తగా దిగింది.

"ఇదెప్పుడు కోశారు?"

"మొదటి శనివారమే. మీ పాత ఫైల్‌తో."

"మరి చెప్పలేదేం?"

"మీరే చెబుతారేమోనని చూశాను. మూడు వారాలు పట్టింది మీకు."

"అంటే ఇద్దరూ కలిసి నా ప్లైవుడ్ తగలేశారన్నమాట!" బాబాయి చేతులు దులుపుకుని లేచాడు. "మాస్టారూ, మీ ఇంట్లో పెద్దవాళ్లెవరు? మాట్లాడాలి."

"అక్క ఉందండీ."

"నంబరివ్వండి." ఫోన్ వెతుక్కుంటూ ఆయన బయటికి నడిచాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "వచ్చే శనివారం... పనేమీ లేకపోయినా రావచ్చా?"

"రండి," అంది ఆమె. "పెన్‌డ్రైవ్ మాత్రం ఇంట్లో పెట్టి రండి."